పెదవాల్తేరులో బోరు నీళ్ళు ఉప్పెక్కాయి, ఇంకా లోతుకు దించాలా?

వాల్తేరు_వాణి:
అందరికీ నమస్కారం. మాది విశాఖ పెదవాల్తేరులో సముద్రానికి దగ్గర్లో ఉన్న పాత అపార్ట్‌మెంటు. ఈ వేసవి మొదలైనప్పటి నుంచి బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగులుతున్నాయి. సబ్బు నురగ రావట్లేదు, గీజర్ రాడ్డు మీద తెల్లగా పొలుసు కడుతోంది, కుండీల్లో మొక్కల ఆకులు అంచుల నుంచి మాడిపోతున్నాయి. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) మీటరు పెట్టి చూస్తే లీటరుకు 2000 మిల్లీగ్రాములు దాటింది. మొన్న మీటింగులో సగం మంది ఇంకో వంద అడుగులు దించుదామన్నారు, మిగతావాళ్ళు బోరు మూసేసి ట్యాంకర్లు తెప్పించుకుందామన్నారు. నాకు రెండూ మనసొప్పడం లేదు. మా అత్తగారు కాపురానికి వచ్చిన కొత్తలో ఇదే స్థలంలో నుయ్యి ఉండేదట, ఇంటిల్లిపాదీ ఆ నీళ్ళే తాగేవారట. మరి ఇప్పుడేమైంది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, మా వాళ్ళకు చూపించాలి.

రిగ్గు_బండి:
అమ్మా, మా పనే బోర్లు వెయ్యడం, అయినా చెబుతున్నాను, దించకండి. మెట్టప్రాంతంలో లోతుకు వెళ్తే ఇంకో పగులు తగిలి నీళ్ళు రావొచ్చు. సముద్రం పక్కన ఆ లెక్క వేరు, కింద తగిలేది ఉప్పునీరే. లాసన్స్ బే వైపు, ఎంవీపీ కాలనీలో కింది సెక్టార్లలో ఇలా దించినవాళ్ళని చూశాను, మొదట్లో బాగానే ఉంటుంది, ఆ తర్వాత ఇంకా ఉప్పగా వస్తాయి. ఒకసారి ఆ కింది పొరకు దారి తెరిచాక పై నీళ్ళు కూడా పాడవుతాయి. డబ్బులు పోవడం ఒకటే కాదు, పక్కవాళ్ళ బోరు కూడా పోతుంది.

రాళ్ళూ_నేలా:
రిగ్గు_బండి అన్న చెప్పింది అక్షరాలా నిజం. వాణి గారూ, కారణం కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మంచినీరు లీటరు 1000 గ్రాములైతే సముద్రపు నీరు దాదాపు 1025 గ్రాములు. ఆ కొద్ది తేడా వల్ల తీరంలో భూమి లోపల మంచినీరు పాల మీద మీగడలా ఉప్పునీటి పైన తేలుతూ ఉంటుంది. బావిలో మంచినీటి మట్టం సముద్ర మట్టం కంటే 1 మీటరు ఎత్తున ఉంటే, ఆ బరువుకు కింద దాదాపు 40 మీటర్ల లోతు వరకు ఉప్పునీరు రాకుండా ఆగుతుంది. ఇది ఇసుక నేలకు సరిపోయే లెక్క. అదే లెక్కను తిప్పి చూడండి, మనం తోడేసి ఆ మట్టాన్ని అర మీటరు తగ్గిస్తే కింద ఉప్పునీరు 20 మీటర్లు పైకి వస్తుంది. పైన తగ్గింది మోకాలెత్తు, కింద పెరిగింది ఆరంతస్తుల మేడంత. అందుకే మీకు ఒక్క వేసవిలోనే జరిగినట్టు అనిపిస్తోంది కానీ ఏళ్ళ తరబడి మట్టం దిగుతూ వచ్చి ఉంటుంది.

మన విశాఖ కొండలు ఎక్కువగా ఖొండలైట్ రాయి. అది బాగా శిథిలమై పైన మెత్తని పొర ఏర్పడుతుంది, పాత నూతులన్నీ ఆ పొరలో నీటితోనే నడిచాయి. దాని కింద గట్టి రాయి, అందులో పగుళ్ళు. సముద్రం వైపు తెరుచుకున్న పగులు ఒక్కటి మీ బోరుకు తగిలితే చాలు, ఆ 40 మీటర్ల లెక్క కూడా పనికిరాదు, ఉప్పునీరు నేరుగా దారి పట్టి వచ్చేస్తుంది. పెద్ద మోటారు పెట్టి ఒక్కచోట ఆపకుండా తోడితే బోరు కింద ఉప్పునీరు గోపురంలా పైకి లేస్తుంది. తక్కువ హెచ్‌పీ మోటారుతో, విడతలు విడతలుగా తోడండి. మీరు రేపు పొద్దున్నే చెయ్యగలిగిన మొదటి పని అది.

వాల్తేరు_వాణి:
చాలా థాంక్స్ అండీ. మాది 5 హెచ్‌పీ, రాత్రంతా ఆన్‌లోనే ఉంటుంది. వాచ్‌మన్‌కు ఇవాళే చెబుతాను. కానీ ఆ మట్టం ఎందుకు దిగింది? వానలు మరీ అంత తగ్గలేదు కదా.

జలారిపేట_తమ్ముడు:
అక్కా, నేను పెదజలారిపేట నుంచి. మా తాత చెప్పేవాడు, వేటకెళ్ళి వచ్చాక ఒడ్డున ఇసుకలో చేత్తో చెలమ తీస్తే మంచినీళ్ళు ఊరేవట, అలలకు నాలుగడుగుల దూరంలో. రాళ్ళూ_నేలా అన్న రాసింది చదివాక అది ఎలా సాధ్యమో అర్థమైంది, కొండ మీద పడిన నీరు ఇసుక కింద నుంచి సముద్రం వైపు వస్తూ ఉండేదన్నమాట. ఇప్పుడు అదే చోట తవ్వితే నల్లగా వాసన వస్తోంది. ఎందుకంటే నీరు కింద నుంచి రావడం మానేసింది, గెడ్డ (వాగు) మీదుగా వస్తోంది, మురుగుతో కలిసి.

వాన పడిన మర్నాడు మా దగ్గరికి వచ్చి చూడండి. అలివి వల లాగితే నెత్తళ్ళ కంటే కవర్లు, థర్మాకోల్, షాంపూ ప్యాకెట్లు ఎక్కువ. వల బరువుకు చేతులు పోతాయి, చేపలుండవు. ఆ చెత్త మేము వేసింది కాదు, హనుమంతవాక నుంచి, కాలనీల నుంచి గెడ్డల్లో కొట్టుకొచ్చింది. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినవి ఎన్నో చూస్తాం. కొన్ని వలల్లో ఊపిరాడక పోతాయి, అది మా వైపు తప్పు, ఒప్పుకోవాలి, మరబోట్ల వలలకు తాబేలు తప్పించుకునే ఏర్పాటు పెట్టుకోవాలి. కానీ జెల్లీచేపలు తినే జీవి నీళ్ళలో తేలే కవరును ఎలా గుర్తుపడుతుంది?

గాజువాక_రవి:
ఇవన్నీ బాగానే ఉన్నాయి కానీ వాణి గారి ఇంట్లో రేపు నీళ్ళు కావాలి కదా. ట్యాంకరు తప్పేలా లేదు. తాగడానికి ఆర్వో పెట్టుకోండి, వాడకానికి ట్యాంకరు. మాకు గాజువాకలో ఎండాకాలం ఇలాగే గడుస్తుంది.

మధురవాడ_సుధ:
రవి గారూ, ఆ ట్యాంకరు నీళ్ళు ఎక్కడివో ఎప్పుడైనా అడిగారా? మా వైపు ఊరి శివార్లలో పొలం బోర్ల దగ్గర పొద్దున నాలుగింటికే ట్యాంకర్లు వరసకడతాయి. ఏప్రిల్ వచ్చేసరికి ఆ పక్కనున్న ఇళ్ళ బోర్లు గాలి కొడతాయి. అంటే వాల్తేరులో మట్టం తగ్గిందని మా మట్టం తగ్గిస్తున్నారు, అంతే తేడా. ఒకటి రెండు నెలలు అత్యవసరానికి తెప్పించుకోవడం వేరు, అదే ఏర్పాటు అనుకోవడం వేరు.

ఇక ఆర్వో సంగతి. ఇంట్లో పెట్టుకునే ఆర్వో చాలావాటిలో ఒక లీటరు ఇచ్చేసరికి రెండు మూడు లీటర్లు బయటికి పారబోస్తుంది. వాణి గారి నీటికి అది తప్పదేమో, 2000 దాటిందంటున్నారు కాబట్టి. మున్సిపల్ కుళాయి నీటికి కూడా ఆర్వో పెట్టుకునేవాళ్ళు ఆలోచించాలి. తాగే నీటికి టీడీఎస్ 500 లోపు ఉంటే మంచిదని మన జాతీయ ప్రమాణం, వేరే నీరు దొరకనిచోట 2000 వరకు ఒప్పుకుంటుంది. 500 లోపు ఉన్నచోట ఆర్వో వద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే చెప్పింది. ఆ పారబోసే నీటిని కనీసం బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి వాడుకోవచ్చు. మొక్కలకు మాత్రం వద్దు, ఉప్పు ఎక్కువ.

గాజువాక_రవి:
శివారు ఊళ్ళ సంగతి నేను ఆలోచించలేదు సుధ గారూ. మరి దారి?

కంబాలకొండ_నడక:
మట్టం ఎందుకు దిగిందని వాణి గారు అడిగారు, దానికి పైనుంచి సమాధానం చెప్పాలి, కొండ మీద నుంచి.

కంబాలకొండ అభయారణ్యం దాదాపు 70 చదరపు కిలోమీటర్లు. నేను తరచూ అక్కడ నడుస్తాను. పెద్ద వాన పడుతున్నప్పుడు అడవి లోపల నిలబడితే ఒకటి గమనిస్తారు, నేల మీద నీరు పరుగెత్తదు. ముందు ఆకుల మీద పడుతుంది, కాండం వెంట జారుతుంది, కింద రాలిన ఆకుల దుప్పట్లో ఇంకుతుంది, వేళ్ళ పక్కన, చెదపురుగులూ వానపాములూ చేసిన కన్నాల్లోంచి లోపలికి దిగుతుంది. వాన ఆగిన తర్వాత కూడా చాలాకాలం గెడ్డలో సన్నగా తేట నీరు పారుతూనే ఉంటుంది. ముడసర్లోవ చెరువు నిండేది ఆ కొండల నీటితోనే. అదే కొండ పొక్లెయిన్‌తో తొలిచేసిన చోట చూడండి, గంట వానకే ఎర్రటి బురద రోడ్డు మీదికి వచ్చేస్తుంది, మర్నాటికి గెడ్డ ఎండిపోతుంది. పడిన వాన రెండుచోట్లా ఒకటే. ఒకచోట నెలల తరబడి నేలలో నిలిచింది, ఇంకోచోట పూట తిరక్కుండా సముద్రంలో కలిసింది, దారిలో మన చెత్తనంతా ఊడ్చుకుని.

కొండ దిగాక మనం చేసింది ఇంకా ఘోరం. గెడ్డలకు రెండు పక్కలా గోడ కట్టాం, అడుగున కూడా కాంక్రీటు పోశాం. గెడ్డ అడుగు ఇసుక, రెల్లు, మట్టి ఉన్నప్పుడు పారే నీరు దారి పొడవునా ఇంకేది. ఇప్పుడు అది పైపు. అపార్ట్‌మెంటు కాంపౌండు మొత్తం టైల్స్, రోడ్డు అంచు దాకా సిమెంటు. నేలకు నోరే లేకుండా చేశాం.

వాల్తేరు_వాణి:
మా సెల్లారు, ముందు జాగా మొత్తం పోయినేడే పార్కింగ్ టైల్స్ వేశారు. చెప్పులకు బురద అంటుతోందని. చదువుతుంటే బాధేస్తోంది.

ఎంవీపీ_చెట్టునీడ:
అయితే చెట్లు నాటుదాం. అందరం కలిసి ఒక ఆదివారం పెట్టుకుందాం.

కంబాలకొండ_నడక:
తప్పకుండా నాటుదాం, కానీ ఏ చెట్టు అన్నది ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఊరి పచ్చదనం ఒక్కరోజులో నేలకూలింది, గుర్తుంది కదా. తురాయి, పచ్చతురాయి లాంటి పెళుసు కొమ్మల చెట్లు రోడ్లకు అడ్డంగా పడ్డాయి. ఆ తర్వాత తొందరగా పెరుగుతుందని ఏడాకులపాల ఎక్కడపడితే అక్కడ నాటారు. అది మన దేశపు చెట్టే, అడవిలో దాని చోటు దానికి ఉంది, దాన్ని తిట్టడం నాకిష్టం లేదు. కానీ ఊళ్ళో వీధి పొడవునా ఒకే చెట్టు ఉంటే అక్టోబరు నుంచి పూతకాలంలో ఆ ఘాటుకు ఉబ్బసం ఉన్నవాళ్ళు రాత్రిళ్ళు కిటికీ తీయలేకపోతున్నారు. ఏ చెట్టయినా వందలు వందలుగా ఒక్కటే వేస్తే అది తోట అవుతుంది, అడవి కాదు. కానుగ, నేరేడు, వేప, రావి, పొగడ, తీరంలో అయితే తాటి, పున్నాగ... ఇవి కలిపి వెయ్యాలి. కింద రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టకూడదు. నా దృష్టిలో చెట్టు నాటడం కంటే ఆ ఆకులు నేల మీద ఉండనివ్వడమే ముందు చెయ్యాల్సిన పని, అదే నేలకు స్పాంజి.

భీమిలి_మేష్టారు:
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. ఎర్రమట్టి దిబ్బల గురించి ఎవరూ ఎత్తలేదేమిటి బాబూ? 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయని ఫొటోలు దిగడానికి అందరూ వస్తున్నారు. మా భీమిలి వైపు వాళ్ళకు అవి నీళ్ళ కొట్టు కూడా. వేల ఏళ్ళుగా గాలీ నీరూ పేర్చిన ఇసుక అది, రేణువుల మీద ఇనుము పూత పట్టి ఎర్రబడింది. పడిన వాన పడినట్టే లోపలికి తాగేసి, అడుగు నుంచి నిదానంగా వదులుతుంది. తీరం వెంట ఇలాంటి ఇసుక దిబ్బ ఎక్కడుంటే అక్కడ దాని వెనక నూతులు తియ్యగా ఉంటాయి, ఎందుకంటే దిబ్బలో ఎత్తున నిలిచిన మంచినీరు ఉప్పునీటిని వెనక్కి నెడుతుంది. దిబ్బను చదును చేసి ప్లాట్లు వేస్తే పోయేది అందం మాత్రమే కాదు. ఆ గోడ పోయినట్టే.

ఒడ్డున ఇసుక గురించి కూడా ఒక మాట. మన తీరంలో అలలు ఏడాది మొత్తమ్మీద ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. మన ఓడరేవుకు ఔటర్ హార్బర్ కట్టినప్పుడు వేసిన బ్రేక్‌వాటర్లు, అంటే అలలను ఆపే రాతి గట్లు, ఆ నడకకు అడ్డం. దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచి కోసుకుపోతుంది. అందుకే డ్రెడ్జర్‌తో ఇసుక తెచ్చి పోస్తుంటారు. ఓడరేవు వద్దని నేననను, దాని మీద బతికే ఊరు మనది. కానీ ఒడ్డు ఎంత లోపలికి జరిగితే ఉప్పునీటి అంచు అంత లోపలికి జరుగుతుంది, వాణి గారి బోరు వరకు.

జలారిపేట_తమ్ముడు:
మేష్టారూ, తెప్పలు పెట్టుకోవడానికే ఇసుక చాలట్లేదు మాకు. రోడ్డు అంచుకు తెచ్చి కట్టుకుంటున్నాం.

సీతమ్మధార_కిరణ్:
వాన నీరు నేలలోకి దిగాలంటే మళ్ళీ ఇంకుడు గుంతలే అంటారు. అవి 2000లో ప్రభుత్వం నీరు-మీరు కార్యక్రమం పెట్టినప్పుడు ఊరంతా తవ్వారు కదా, ఏమైంది? మా వీధిలోవి అన్నీ పూడిపోయాయి. మళ్ళీ అదే అంటే నమ్మకం కలగడం లేదు.

భీమిలి_మేష్టారు:
మంచి ప్రశ్న. గుంత తవ్వడం ఒకరోజు పని, శుభ్రం చెయ్యడం ఏటా పని. మొదటి పని ఫొటోల్లో కనిపిస్తుంది, రెండోది కనిపించదు. మే నెలలో పై ఇసుక తీసి కడిగి మళ్ళీ వేస్తే ఆ గుంత ఇప్పటికీ పనిచేస్తుంది. మా స్కూల్లో చేశాం, చేస్తున్నాం. పిల్లలే చేస్తారు, వాళ్ళకు నేర్పడం కూడా తేలికే.

రాళ్ళూ_నేలా:
వాణి గారూ, మీ వాళ్ళకు చూపించడానికి లెక్క ఇస్తాను. విశాఖలో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన, అంటే మీటరు. మీ డాబా 300 చదరపు మీటర్లు అనుకోండి. 300 ఘనపు మీటర్లు, అంటే 3 లక్షల లీటర్లు. ఆవిరి, తొలి వాన పారబోత పోగా 80 శాతం పట్టుకున్నా 2 లక్షల 40 వేల లీటర్లు. 5000 లీటర్ల ట్యాంకర్లయితే 48. డాబా మీదే పడుతోంది, పైపు నుంచి నేరుగా కాలవలోకి వదిలేస్తున్నారు.

మనకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక వానాకాలం, అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాల వానలు ఇంకోటి. కాబట్టి గుంతకు ఏడాదిలో రెండు విడతలు పని దొరుకుతుంది. ఇది చాలా ఊళ్ళకు లేని అదృష్టం.

ఒక జాగ్రత్త. ఒక్క వానాకాలంలో ఉప్పు పోదు. రాయి పగుళ్ళలో చేరిన ఉప్పు బయటికి రావడానికి ఏళ్ళు పడుతుంది. మీ ఒక్క అపార్ట్‌మెంటు చేస్తే మీ నీరు పక్కవాళ్ళ బోర్లోకి కూడా వెళ్తుంది, అందుకని వీధి మొత్తం చేస్తేనే తేడా తెలుస్తుంది.

వాల్తేరు_వాణి:
48 ట్యాంకర్లు అన్నది మా గ్రూపులో పెట్టాను, అందరూ చదివారు, ఇద్దరు ఫోన్ చేశారు. ఇంకో సందేహం. అత్తగారు చెప్పిన పాత నుయ్యి ఇప్పటికీ ఉంది, జనరేటర్ పక్కన, పైన స్లాబు వేసి మూసేశారు. కొత్తగా గుంత తవ్వే బదులు డాబా నీళ్ళు అందులోకే వదలొచ్చా?

రిగ్గు_బండి:
అమ్మా, అది బంగారం. అస్సలు పూడ్చకండి. బోరులోకి నేరుగా వదలడం కంటే నూతిలోకి వదలడమే మంచిది, పై పొరకు నీళ్ళు అందుతాయి. ముందు స్లాబు తీయించి చూడండి. వెంటనే ఎవరినీ దింపకండి, మూసిన నూతిలో గాలి ఉండదు, మనుషులు పోతారు. ఒకట్రెండు రోజులు తెరిచి ఉంచి, దీపం దింపి చూసి, అది ఆరిపోతే దిగకూడదు. దీపం వెలిగినా సరే నడుముకు తాడు కట్టుకుని, పైన ఇద్దరు మనుషులుండగా, పనివాళ్ళనే పిలిపించి పూడిక తీయించండి.

రాళ్ళూ_నేలా:
అన్న చెప్పినట్టే. డాబా నీళ్ళు వదిలే ముందు నూతి పక్కన చిన్న వడపోత తొట్టి కట్టించండి. అడుగున పెద్ద కంకర, మధ్యలో చిప్స్, పైన ముతక ఇసుక. డాబా పైపుకు ఒక వాల్వు పెట్టి సీజన్‌లో మొదటి రెండు మూడు వానల నీరు బయటికి వదిలేయండి, డాబా మీద దుమ్ము, పావురాల రెట్ట అందులో పోతాయి. ఓడరేవు వైపు నుంచి బొగ్గుధూళి వచ్చి పడే ఇళ్ళయితే ఇంకా జాగ్రత్త. పార్కింగ్ జాగాలో పారే నీరు మాత్రం నూతిలోకి వద్దు, అందులో ఆయిలు ఉంటుంది. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో చూడండి, నూతికి దగ్గరైతే నూతి నీటిలో నైట్రేటు, బ్యాక్టీరియా పరీక్ష చేయించాకే మొదలుపెట్టండి. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నుయ్యి వదిలేసి వేరే గుంత తవ్వుకోవాలి.

మధురవాడ_సుధ:
పార్కింగ్ టైల్స్ మొత్తం పీకక్కర్లేదు వాణి గారూ. గోడ వెంట రెండు అడుగుల పట్టీ తీసేసి మట్టి, కంకర వేసి మొక్కలు పెట్టండి. మేము అలా చేశాక గేటు దగ్గర నీరు నిలవడం ఆగింది.

జలారిపేట_తమ్ముడు:
అక్కా, మీ వీధి గెడ్డ ఎక్కడ సముద్రంలో కలుస్తుందో నేను చూపిస్తాను. దాని నోటి దగ్గర మెష్ కట్టడానికి మా కుర్రాళ్ళు సిద్ధంగా ఉన్నారు, పాత వలలు కూడా ఉన్నాయి. వానకు ముందే కట్టాలి, చెత్త ఎత్తుకెళ్ళే బండి కావాలి. బండి సంగతి వార్డు ఆఫీసులో మీరు మాట్లాడితే మా కంటే మీ మాట తొందరగా వింటారు.

వాల్తేరు_వాణి:
తప్పకుండా మాట్లాడతాను తమ్ముడూ. శనివారం సాయంత్రం మీటింగు పెట్టాం, నువ్వు కూడా రా, మీ వల సంగతి మా వాళ్ళు నీ నోటే వినాలి. స్లాబు తీసే మేస్త్రీని మాట్లాడాను. పెదవాల్తేరు, కిర్లంపూడి, లాసన్స్ బే వైపు ఉన్నవాళ్ళు మీ బోరు లోతు, టీడీఎస్ ఇక్కడ రాయండి, సముద్రానికి ఎంత దూరమో కూడా. వానలకు ముందు ఒకసారి, డిసెంబరులో ఇంకోసారి చూద్దాం.

కిర్లంపూడి_రాధ:
మాది 120 అడుగులు, టీడీఎస్ 1400. మా కాంపౌండులో కూడా మూసేసిన నుయ్యి ఒకటుంది. ఆ మేస్త్రీ నంబరు నాకు మెసేజ్ చెయ్యండి.